కొండ దిగిన బండికి గాలి ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను మారేడుమిల్లిలో జీపు నడుపుతాను. చలికాలం వచ్చిందంటే గుడిస కొండ మీద సూర్యోదయం చూడటానికి రాజమండ్రి, కాకినాడ, విజయవాడ, హైదరాబాద్ నుంచి జనం వస్తారు. మా జీపులు ఎక్కేవాళ్లతో పాటు సొంత థార్, జిమ్నీ, గూర్ఖా బళ్లలో ఏజెన్సీ దారులు పట్టేవాళ్లు కూడా ఈమధ్య బాగా పెరిగారు. రాతి దారిలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలని వాళ్లలో చాలామందికి తెలుసు. వీడియోలు చూసి నేర్చుకుని వస్తున్నారు, మంచిదే. కానీ తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు ఆ గాలి ఎలా నింపాలో ఏర్పాటు చేసుకుని వచ్చేవాళ్లు తక్కువ. ఈ ఉత్తరం దాని గురించే. కొంచెం పెద్దదైనా దయచేసి వేయండి.

మా వైపు గాలి కొలతను అందరూ పాయింట్లలోనే చెబుతారు, నేనూ అలాగే రాస్తాను. ఒక పాయింటు అంటే ఒక పీఎస్ఐ. తారు రోడ్డు మీద 30, 32 పాయింట్లు ఉండే టైరు రాళ్ల దారిలో బిర్రుగా ఉండి ప్రతి రాయికీ ఎగురుతుంది. అదే టైరు 22 దాకా దించితే నేలకు ఎక్కువ మేర ఆనుతుంది, రాయి మీద వంగి దాన్ని పట్టుకుంటుంది. చక్రం ఉన్నచోటే తిరిగి జారడం తగ్గుతుంది, దారిలో గుంతలు పడటమూ తగ్గుతుంది. బురదైతే ఇంకో రెండు మూడు పాయింట్లు తీస్తాం. ఇసుకలో 15 నుంచి 18 దాకా దించాలి. అంతకంటే కిందికి పోతే మామూలు రిమ్ముల మీద టైరు అంచు ఊడొచ్చే ప్రమాదం ఉంది. పాత కమాండర్ జీపులకి ట్యూబు టైర్లు ఉంటాయి. వాటికి గాలి మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జరిగి, ట్యూబు వాల్వును మొదలంటా కోసేస్తుంది. అందుకని ట్యూబు టైరు బళ్లలో నేను 24 కంటే దించను.

ఇక్కడికి రాకముందు కొన్నేళ్లు దుబాయ్‌లో ఎడారి సఫారీ బండి నడిపాను. దుబాయ్ నుంచి హత్తా వెళ్లే రోడ్డులో అల్ బదాయర్ దగ్గర పెద్ద ఎర్ర ఇసుక తిన్నె ఉంది, అక్కడ అందరూ దాన్ని బిగ్ రెడ్ అంటారు. ల్యాండ్ క్రూజర్ టైర్లు 12, 15 దాకా దించి ఇసుకలోకి పోయేవాళ్లం. బయటికొచ్చాక గాలి నింపకుండా రోడ్డెక్కిన డ్రైవరును నేను పనిచేసినచోట చూడలేదు. ఎడారి అంచున టైర్ షాపులు ఉండేవి, పెద్ద కంప్రెసర్ మోగుతూనే ఉండేది. బండి ఆపితే నాలుగు చక్రాలకూ కొట్టి పంపేవారు. ఎంత తొందరలో ఉన్నా, బండిలో అతిథులు విసుక్కుంటున్నా అది తప్పనిసరి పని.

ఇక్కడ ఆ అలవాటు లేదు, ఆ షాపులూ లేవు. కిందటి చలికాలంలో ఒక కుటుంబం సొంత బండిలో వచ్చింది. పొద్దున కొండ మీదికి వెళ్లేముందు నాలుగు టైర్లూ 18 దాకా దించుకున్నారు. దిగాక, దారిలో ఎక్కడో పెట్రోల్ బంకు ఉంటుంది కదా, అక్కడ కొట్టిద్దామనుకుని అలాగే చింతూరు ఘాట్ వైపు బయల్దేరారు. ఒక మలుపులో ముందు ఎడమ టైరు రిమ్ము నుంచి ఊడొచ్చింది. బండి కొండ వైపుకు ఒరిగింది కాబట్టి బతికిపోయారు, అవతలి వైపు లోయ. నేను వెనక వస్తున్నాను. స్టెప్నీ మార్చడానికి సాయం చేశాను. మిగిలిన మూడు టైర్లలోనూ గాలి తక్కువే, నింపడానికి వాళ్ల దగ్గరా ఏమీ లేదు. మా కంప్రెసర్‌తో నింపి పంపాం. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు.

ఘాట్‌లో ఊడకపోయినా ముప్పు తప్పినట్టు కాదు. గాలి తక్కువున్న టైరు ప్రతి చుట్టుకీ పక్క గోడ దగ్గర నలుగుతుంది, నలిగినచోట వేడెక్కుతుంది. రంపచోడవరం దాటి మంచి రోడ్డు రాగానే అందరూ 80లో పోతారు. లోపల దారపు పొరలు విడిపోవడం బయటికి కనబడదు, పైన గీతలు కొత్తగానే ఉంటాయి. ఆ రోజు పేలకపోతే ఎండాకాలంలో హైవే మీద పేలొచ్చు. అప్పుడు ఎవరూ కొండ దారిని గుర్తుచేసుకోరు, టైరు కంపెనీని తిడతారు.

కాబట్టి గాలి తీసేవాళ్ల దగ్గర గాలి కొట్టే సాధనం ఉండి తీరాలి. ఏది కొనాలన్న దగ్గరే జనం మోసపోతున్నారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 150 పీఎస్ఐ అని రాసి ఉంటుంది. షాపువాడూ అదే చూపిస్తాడు. మన టైరుకి కావలసింది 30, 32. సైకిల్ చేతి పంపు కూడా వంద పాయింట్లు కొట్టగలదు, దాంతో జీపు టైరు నింపి చూడండి ఎంతసేపు పడుతుందో. కుళాయి నీళ్లు ఎంత ఎత్తుకు చిమ్ముతాయని ఎవరైనా చూస్తారా? బిందె ఎంతసేపట్లో నిండుతుందో చూస్తారు. కంప్రెసర్‌కీ అడగాల్సింది అదే. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది, ఆగకుండా ఎంతసేపు నడుస్తుంది, దానికి కరెంటు బండిలో ఎక్కణ్నుంచి తీస్తుంది. ఈ మూడూ చెప్పలేని డబ్బాను కొనకండి.

లెక్క చెబుతాను. మూడు తలుపుల కొత్త థార్‌లో పెద్ద టైరు 255/65 ఆర్ 18. దాని లోపల సుమారు 70 లీటర్ల చోటు ఉంటుంది. 18 పాయింట్ల నుంచి 30కి తేవాలంటే 12 పాయింట్లు పెంచాలి. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి 14.7 పాయింట్లు. అంటే ఒక్కో టైరులోకి బయటి గాలి దాదాపు 57 లీటర్లు పంపాలి, నాలుగింటికీ కలిపి 230 లీటర్లు. జిమ్నీ టైరు 195/80 ఆర్ 15 చిన్నది, లోపల 46 లీటర్ల దాకా ఉంటుంది, నాలుగింటికీ 150 లీటర్లు చాలు. ఇది కాగితం మీద వేసిన లెక్కే, కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది. కానీ కొనేముందు ఈ లెక్క వేసుకుంటే సగం మోసం అక్కడే తెలిసిపోతుంది.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న పంపు 35 లీటర్లు ఇస్తుందని రాసి ఉందనుకోండి. ఆ అంకె పైపు ఊరికే వదిలేసి, ఏ ఒత్తిడీ లేనప్పుడు కొలిచింది. టైరులో 25 పాయింట్లు ఎదురు తోస్తుంటే అది నిమిషానికి 16, 17 లీటర్లకు పడిపోతుంది. థార్ టైరు ఒక్కదానికి మూడున్నర నిమిషాలు, నాలుగింటికీ 14 నిమిషాలు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఇలాంటి చిన్న పంపుల్లో చాలావాటి పుస్తకంలో, పది నిమిషాలు నడిపాక ఆపి చల్లారనివ్వమని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మూడో టైరు అయ్యేసరికి దాన్ని చేత్తో ముట్టుకోలేం. చల్లారే దాకా కూర్చుంటే అరగంట దాటుతుంది. వెనక బళ్లు హారన్ కొడుతుంటే ఎవరు కూర్చుంటారు? అయినకాడికి చాలు అని బయల్దేరుతారు. రెండు చక్రాల్లో 30, రెండింట్లో 20 ఉన్న బండి అన్నిట్లో 20 ఉన్న బండి కంటే ఘోరం. మలుపులో ఒక పక్కకు లాగేస్తుంది.

సాకెట్ విషయం కూడా చూడాలి. మామూలుగా దాని ఫ్యూజు 10 నుంచి 20 ఆంపియర్ల లోపు ఉంటుంది. పెద్ద కంప్రెసర్ దాంట్లో పెడితే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోతోందని తీగ చుట్టి పెట్టినవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి, వైరు లోపల కాలుతుంది. డాష్‌బోర్డు వెనక మంట మొదలైతే అడవిలో ఆర్పేవాళ్లు ఉండరు.

నన్నడిగితే, ఏడాదిలో కొన్నిసార్లు కొండలకు వచ్చే కుటుంబానికి సరైనది బానెట్ ఎత్తి బ్యాటరీకే క్లిప్పులు తగిలించే రకం. ఎరుపు, నలుపు క్రొకడైల్ క్లిప్పులు ఉంటాయి. మోటారు 25, 30 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒత్తిడి లేనప్పుడు 70 లీటర్లు ఇస్తుందని రాసి ఉంటే, టైరు మీద 45, 50 అయినా ఇస్తుంది. థార్ టైరు ఒక నిమిషం మీద కొంచెం. పైపు మార్చుకుంటూ, గేజు చూసుకుంటూ నాలుగూ ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతాయి. ఇంజన్ ఆన్‌లో ఉంచే కొట్టాలి. లేకపోతే బ్యాటరీ దిగి కొండ మీదే ఉండిపోతారు, పైగా వోల్టేజీ తగ్గితే మోటారూ నెమ్మదిస్తుంది. పైపు వెనక చక్రం దాకా అందేంత పొడవుందో లేదో షాపులోనే బండి దగ్గర పట్టి చూడండి. కొన్నిటికి అందదు. అప్పుడు క్లిప్పుల వైరును లాగుతారు, క్లిప్పు ఊడి బాడీకి తగులుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి.

డ్యూటీ సైకిల్ అని ఒక మాట రాసి ఉంటుంది. 33 శాతం అంటే పది నిమిషాలు నడిపితే ఇరవై నిమిషాలు ఆపాలని అర్థం. ఆ శాతం ఎన్ని పాయింట్ల దగ్గరో కూడా చూడండి. వంద పాయింట్ల దగ్గర 33 శాతం అని రాసిన కంప్రెసర్, మనం వాడే 30 దగ్గర అంతకంటే ఎక్కువసేపే నడుస్తుంది. 30 దగ్గరే 33 అని రాసింది చిన్నబళ్లకి. ఈ ఒక్క తేడా చూడటం వస్తే ధర ఎందుకు మూడింతలు ఉందో అర్థమవుతుంది.

చేతిలో ఇమిడే బ్యాటరీ పంపులు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నాయి. బైకుకి, ఊళ్లో కారుకి రెండు మూడు పాయింట్లు తగ్గితే సరిచేసుకోవడానికి చాలా బాగుంటాయి. నాలుగు జీపు టైర్లను 18 నుంచి లేపమంటే దాని చార్జింగ్ సరిపోదు. దాన్ని నమ్ముకుని గాలి తీయొద్దు. ఎండలో కారులో వదిలేయొద్దు కూడా, లోపల ఉన్నది లిథియం బ్యాటరీ. కాలి పంపు మాత్రం పాతదని తీసిపారేయకండి. ఒక టైరుకి 150, 200 సార్లు తొక్కాలి, కాళ్లు పట్టేస్తాయి, నిజమే. కానీ అది ఫ్యూజు అడగదు, వేడెక్కదు. సీటు కింద పడేసి ఉంచితే అన్నీ ఆగిపోయిన రోజున ఒక చక్రాన్నయినా నిలబెడుతుంది.

లారీ గాలి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వైపు ఇప్పటికీ సగం పనులు దాంతోనే నడుస్తాయి. లారీలకు, బస్సులకు ఎయిర్ బ్రేకులు. ఇంజన్‌తోనే తిరిగే కంప్రెసర్ ట్యాంకుల్లో వంద పాయింట్ల పైన గాలి నింపి ఉంచుతుంది. చాలామంది లారీ డ్రైవర్లు పొడవాటి పైపు పెట్టుకుని తిరుగుతారు. చెయ్యెత్తి "అన్నా, కొంచెం గాలి కొట్టవా" అంటే కాదన్నవాళ్లు తక్కువ. వాళ్లకు ఈ ఉత్తరం ద్వారా దండం పెడుతున్నాను. అయితే ఆ పైపులో గేజు ఉండదు, ఒత్తిడి ఎక్కువ. పదేసి సెకన్లు కొట్టి ఆపి మన గేజుతో చూసుకోవాలి. ట్యాంకులో నీరు, ఆయిలు ఉంటే అవీ టైరులోకి వస్తాయి. ఘాట్ మలుపులో మాత్రం లారీని ఆపమని అడగొద్దు. గాలి వాడాక ట్యాంకు తిరిగి నిండేదాకా ఆయన కదలకూడదు, బ్రేకులు ఆ గాలి మీదే పనిచేస్తాయి.

ఇక బండిలోనే బిగించే కంప్రెసర్. దీని మీద కుర్రాళ్లకు మోజు ఎక్కువ. నాకూ ఇష్టమే, నా జీపులోనూ ఉంది. రోజూ గాలి దించి ఎక్కించే పని నాది, క్లిప్పులు పెట్టి తీసే ఓపిక తెల్లవారుజామున చలిలో ఉండదు. మీకు అలాంటి రోజువారీ పని ఉంటేనో, బండికి గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాకర్లు (ఒక చక్రం జారినా రెండోది కూడా తిరిగేలా ఇరుసును బిగించేవి) వేయించుకుంటేనో ఇది బిగించుకోండి. ఆస్ట్రేలియాలో 1975లో మొదలైన ఏఆర్‌బీ కంపెనీ వాళ్ల ఎయిర్ లాకర్లకు కంప్రెసర్ బండిలోనే ఉండాలి. అదే కంపెనీ రెండు సిలిండర్ల కంప్రెసర్ ఒత్తిడి లేనప్పుడు నిమిషానికి 170 లీటర్ల పైన ఇస్తుంది. దాంతో థార్ టైరు అర నిమిషంలో లేస్తుంది. ఖరీదూ అలాగే ఉంటుంది. రోజువారీ పని, లాకర్లు రెండూ లేనివాళ్లు ఆ డబ్బులో మంచి క్లిప్పుల కంప్రెసర్, గేజు, పంచర్ కిట్టు కొనుక్కుని మిగిలినదాంతో ఇంకో ట్రిప్పు వేయొచ్చు. పైగా క్లిప్పుల రకం ఈ బండికే కట్టుబడి ఉండదు. రేపు బండి అమ్మినా, పక్కింటివాళ్ల కారుకి అవసరమైనా పనికొస్తుంది.

బిగించేవాళ్లు కొన్ని సంగతులు పట్టించుకోవాలి. ఇంజన్ పక్కనే చోటు ఖాళీగా కనిపిస్తుంది కానీ అక్కడ వేడి విపరీతం, ఆ వేడిగాలినే లోపలికి పీల్చి కుదిస్తే మోటారు త్వరగా పోతుంది. సీటు కింద పెడితే చల్లగా, పొడిగా ఉంటుంది, చప్పుడు మాత్రం భరించాలి. వాగులు దాటే బండైతే గాలి పీల్చే ఫిల్టరును ఎత్తులో పెట్టించండి, నీళ్లు పీలిస్తే అంతే. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. కంప్రెసర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు ఆ ఫ్యూజు మిమ్మల్ని కాపాడదు. స్విచ్చుకు నేరుగా కరెంటు ఇవ్వకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే సాధనం) పెట్టించాలి. రెండు సిలిండర్లది 50 ఆంపియర్లు దాటి లాగుతుంది, సన్న వైరు కరిగిపోతుంది. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి చాలా వేడి, మొదటి రెండడుగులు స్టీలు అల్లిక ఉన్న పైపు వేయించండి. వాటర్ సర్వీసింగ్ షాపులో దొరికే ప్లాస్టిక్ పైపు మెత్తబడి ఊడిపోతుంది. కంపెనీ వారంటీలో ఉన్న బండికి వైర్లు కోసేముందు షోరూంలో అడిగి రాయించుకోండి.

ట్యాంకు కూడా పెట్టిస్తామని మెకానిక్కులు చెబుతారు. చిన్న నాలుగు లీటర్ల ట్యాంకులో వంద పాయింట్ల గాలి ఉందంటే చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. టైరు 30కి చేరేలోగా ఆ ట్యాంకు నుంచి దిగేది 19 లీటర్లు. ఒక థార్ టైరుకి మూడో వంతు, అంతే. టైర్లు నింపేది కంప్రెసరే, ట్యాంకు కాదు. లాకర్లకు, ఊడిన టైరు అంచును ఒక్క తోపులో రిమ్ముకి కూర్చోబెట్టడానికి ట్యాంకు ఉపయోగమే. దాంతో రకరకాల కూతల ఎయిర్ హారన్లు మోగించడానికి మాత్రం ట్యాంకు పెట్టించొద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన వాటిని ఒప్పుకోదు, అడవిలో జంతువులూ ఒప్పుకోవు. ఆ హారన్లతో వచ్చే బుల్లి కంప్రెసర్‌తో టైరు నింపొచ్చని చెప్పి అమ్ముతున్నారు, అది పని చేయదు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ల గురించి కొందరు నన్ను అడిగారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లు వాడతారు. చప్పుడు లేకుండా అర నిమిషంలో టైరు లేస్తుంది. నాలుగున్నర కిలోల సిలిండర్‌లో సుమారు 2400 లీటర్ల గ్యాసు ఉంటుంది, పైన చెప్పిన లెక్కన థార్‌కి పదిసార్లు నాలుగు చక్రాలూ నింపొచ్చు. వినడానికి బాగుంది. కానీ ఆ గ్యాసు 31 డిగ్రీల పైన ద్రవంగా ఉండదు, ఆపైన ప్రతి డిగ్రీకీ సిలిండర్‌లో ఒత్తిడి ఎగబాకుతుంది. మన దగ్గర ఏప్రిల్‌లో తలుపులు మూసిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో అందరికీ తెలుసు. సిలిండర్‌కి ఉండే రక్షణ బిళ్ల పగిలి గ్యాసు ఒక్కసారి బయటికొస్తే, అద్దాలు మూసిన బండిలో మనిషికి ఊపిరాడదు. నింపడం, రవాణా అన్నీ గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 కింద, నాగ్‌పూర్‌లో ఉన్న, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో ఆమోదించిన సిలిండర్లతోనే జరగాలి. సోడా కొట్టువాడి దగ్గర పాత సిలిండర్ తెచ్చి వెనక సీటు పక్కన పడుకోబెట్టడం చూశాను. మన ఎండలకు అది వద్దు. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ అసలే కొట్టొద్దు, టైరులో ఆయిలు తడి ఉంటే పేలుతుంది. ఊడిన టైరుని కూర్చోబెట్టడానికి పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. పిల్లలు చూస్తున్నారు, అది మరీ భయం.

నైట్రోజన్ కొట్టించాం, మామూలు గాలి కలపొచ్చా అని కూడా అడుగుతారు. కలపొచ్చు. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే.

ఏ సాధనం కొన్నా గేజు విడిగా ఒకటి ఉంచుకోండి. పంపు మోగుతున్నప్పుడు దాని మీద కనిపించే అంకె పైపులోని ఒత్తిడి, టైరుది కాదు. ఎక్కువే చూపిస్తుంది. ఆపి చూడాలి. కొండ దిగి వచ్చిన టైరు వేడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు 30 కొడితే తెల్లారి చల్లబడ్డాక 27, 28 ఉండొచ్చు. దిగగానే రెండు మూడు పాయింట్లు ఎక్కువే కొట్టి, మర్నాడు బయల్దేరేముందు సరిచూసుకోండి. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన కాగితం మీద ఉంటుంది.

ఇదంతా బండ్లవాళ్లు చేసుకోవలసిన పని. ప్రభుత్వం, బంకులవాళ్లు, మేము చేయవలసింది కూడా ఉంది.

పెట్రోల్ బంకుల్లో గాలి ఉచితంగా కొట్టాలని చమురు కంపెనీల నియమావళిలోనే ఉంది. ఏజెన్సీ దారిలో కొన్ని బంకుల్లో మిషను ఉంటుంది, మనిషి ఉండడు. మనిషి ఉంటే గేజు పనిచేయదు. తెల్లవారుజామున, రాత్రి ఏడు తర్వాత అడిగితే విసుక్కుంటారు. పర్యాటకుల బళ్లు వచ్చేది, పోయేది సరిగ్గా ఆ వేళల్లోనే. తనిఖీకి వచ్చే అధికారులు పెట్రోలు కొలతతో పాటు గాలి గేజును కూడా పరీక్షించాలి. చలికాలం మూడు నెలలైనా మారేడుమిల్లి, రంపచోడవరం దారిలోనూ, అటు పాడేరు వైపు వంజంగి, లంబసింగి దారుల్లోనూ బంకులు తెల్లవారుజాము నుంచి గాలి కొట్టేలా చూడాలి.

రెండోది, కొండ దారి వచ్చి తారు రోడ్డులో కలిసేచోట ఒక గాలి కేంద్రం పెట్టాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. పంచర్ షాపుల్లో ఉండే పెద్ద ట్యాంకు కంప్రెసర్, రెండు పొడవు పైపులు, రెండు మంచి గేజులు, నీడ, ఇద్దరు మనుషులు. కరెంటు సరిగా లేని చోట డీజిల్ ఇంజన్‌తో తిప్పొచ్చు. మారేడుమిల్లి దగ్గర వన సంరక్షణ సమితుల వాళ్లే అడవిలో పర్యాటక శిబిరాలు నడుపుతున్నారు, బాగా నడుపుతున్నారు. ఈ కేంద్రం కూడా వాళ్లకే ఇస్తే ఇద్దరు ముగ్గురు గిరిజన యువకులకు పని దొరుకుతుంది. పైకి వెళ్లేటప్పుడు గాలి దించి ఎంత దించారో చీటీ రాసివ్వాలి, దిగాక ఆ చీటీ చూసి నింపి పంపాలి. బండికి యాభై రూపాయలు తీసుకున్నా ఎవరూ కాదనరు. ఘాట్‌లో బండి పడితే దాన్ని లాగే క్రేనుకి ఎంతవుతుందో అందరికీ తెలుసు.

పర్యాటక శాఖ బోర్డుల మీద ప్లాస్టిక్ పారేయొద్దని, మద్యం తాగొద్దని రాస్తున్నారు. ఘాట్ మొదలయ్యే చోట ఇంకో బోర్డు పెట్టాలి. "టైర్లలో గాలి నింపుకున్నారా? నింపకుండా ముందుకు వెళ్లొద్దు" అని తెలుగులో, బొమ్మతో సహా, రాత్రి లైటు పడితే మెరిసేలా.

అధికారులు వచ్చి చూస్తామంటే కొండ దారి దిగేచోట రెండు జీపులు మలుపుకోవడానికి సరిపడే ఖాళీ స్థలం ఉంది, నేను చూపిస్తాను. అక్కడికి కరెంటు స్తంభం కూడా దగ్గరే. ఆ ఏర్పాటు అయ్యేదాకా మా స్టాండులో కంప్రెసర్ ఉన్న జీపులు నాలుగైదు ఉన్నాయి. పొద్దున పదకొండు దాకా అక్కడే ఉంటాం. గాలి తక్కువుందని అనుమానం వచ్చినవాళ్లు ఆగి అడగండి, డబ్బులు ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
ఒక జీపు డ్రైవరు,
మారేడుమిల్లి.